రెండు సిస్టమ్‌లున్న కంప్యూటర్ బూట్ కాకపోతే: ఫార్మాట్ మాట ఎత్తకముందు

బెంగళూరు మారతహళ్లిలో మేముండే వీధి నిండా పీజీ హాస్టళ్లే. వాటిలో ఉండేవాళ్లలో మన తెలుగు పిల్లలు చాలామంది. ఆదివారం మా తలుపు తట్టేవాళ్లలో ఒకరి చేతిలోనైనా ల్యాప్‌టాప్ ఉంటుంది. ఈమధ్య ఒక అబ్బాయి దాన్ని మూయకుండా, తెరిచిన తెరతోనే, పాల గిన్నె మోసినట్టు రెండు చేతులతో పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. మూస్తే ఉన్నది కూడా పోతుందేమోనని భయం. నల్లటి తెర మీద ఇంగ్లీషులో రెండే మాటలు: అలాంటి పార్టిషన్ లేదు, రెస్క్యూ మోడ్‌లోకి వెళ్తున్నాను. కింద ‘గ్రబ్ రెస్క్యూ’ అని, దాని పక్కన మిణుకుమంటున్న చిన్న గీత.

“షాపులో చూపించాను అన్నా. ఫార్మాట్ చేయాలి, ఫైళ్లు పోతాయి అన్నారు. ప్రాజెక్టు రిపోర్టు ఇందులోనే ఉంది. రాత్రి తొమ్మిదింటికి టిన్ ఫ్యాక్టరీ దగ్గర బస్సు.”

ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. మీ కంప్యూటర్‌లోనూ చాలావరకు ఇంతే. రెండు కాపురాలున్న ఇంటి గేటు దగ్గర వాచ్‌మన్‌ను ఊహించుకోండి. ఎవరి కోసం వచ్చారో అడిగి, ఏ వాటాలో ఉంటారో చెప్పి పంపడం అతని పని. బూట్ లోడర్ చేసేది అదే. లోపల డిస్క్‌లో ఒక వాటాలో విండోస్, ఇంకో వాటాలో లినక్స్. పార్టిషన్ అంటే ఈ వాటాయే. లినక్స్ తెచ్చిపెట్టుకున్న వాచ్‌మన్ పేరు గ్రబ్. అతని పుస్తకంలో నంబరు తప్పయినా, అతన్ని ఎవరైనా పక్కకు తప్పించినా మీరు గేటు బయట నిలబడిపోతారు, లోపలి కాపురాలకు మాత్రం ఏమీ కాదు. ఫార్మాట్ చేయడమంటే వాచ్‌మన్ దారి చెప్పలేదని ఇల్లు పడగొట్టడం.

ఒక మాట. కింద కమాండ్లను ఫోనులో చెప్పినట్టు, పలికే తీరులో రాస్తున్నాను. మీరు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో టైపు చేయండి. ఖాళీ ఉన్నచోట ఖాళీ వదలండి, అడ్డగీత ఉన్నచోట అడ్డగీత పెట్టండి. ఉదాహరణలన్నీ లినక్స్ రకాలైన ఉబుంటు, దాని బంధువులైన మింట్ లాంటి వాటికి సరిపోతాయి.

తెర ఏమంటోందో ముందు చదవండి

“బూట్ కావడం లేదు” అనడం డాక్టరు దగ్గరికి వెళ్లి “ఒంట్లో బాగాలేదు” అనడం లాంటిది. కడుపునొప్పా, జ్వరమా చెప్పాలి కదా. తెర మీద ఏ అక్షరాలున్నా ఫోనుతో ఫొటో తీయండి. కొన్ని తెరలు రెండు సెకన్లలో మాయమవుతాయి, వాటికి వీడియో తీసి ఆపి చూడండి.

ఎంపిక జాబితా రాకుండా నేరుగా విండోస్ తెరుచుకుంటే, గ్రబ్ ఉన్నచోటే ఉంది, వరుసలో వెనకబడింది. ఇది అన్నిటికన్నా చిన్న జబ్బు. ‘గ్రబ్’ అనో ‘గ్రబ్ రెస్క్యూ’ అనో రాసి గీత మిణుకుమంటుంటే, గ్రబ్ లేచింది, తన సామాను ఎక్కడుందో దానికి దొరకడం లేదు. జాబితా వచ్చి అందులో విండోస్ లేకపోతే అది జబ్బే కాదు, ఒక సెట్టింగు. నీలం తెర మీద సున్నా, ఎక్స్, సీ అంటూ మొదలయ్యే కోడ్ వస్తే తేడా విండోస్ వైపు ఉంది. ‘సెక్యూరిటీ పాలసీ వయొలేషన్’ అనే మాట కనిపిస్తే అది సెక్యూర్ బూట్ (నమ్మకమైన బూట్ లోడర్‌నే తెరవనిచ్చే కాపలా) గొడవ. బూట్ చేయదగిన డిస్కే లేదంటే మాత్రం సాఫ్ట్‌వేర్ జోలికి పోకుండా ముందు బయోస్‌లోకి (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల తెరలోకి) వెళ్లి, డిస్క్ పేరు కనిపిస్తోందో లేదో చూడండి.

చేయి పెట్టేముందు రెండు వస్తువులు

మొదటిది బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) రికవరీ కీ. కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి, యజమానికి తెలియకుండానే, డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటుంది. మీరు బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపిన మరుక్షణం విండోస్‌కు అనుమానం వస్తుంది. మళ్లీ తెరిచినప్పుడు 48 అంకెల కీ అడుగుతుంది. అది లేకపోతే అప్పుడు నిజంగానే ఫైళ్లు చేజారే ప్రమాదం ఉంది. ఫోనులో మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి, డివైస్‌ల పేజీలో ఆ కీ ఉందేమో చూడండి. దొరికితే కాగితం మీద ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులుగా రాసుకోండి. ఇప్పుడే రాసుకోండి. తర్వాత అనుకునేవాళ్లనే నేను ఎక్కువగా చూశాను. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కీ మీ కంపెనీ ఐటీ విభాగం దగ్గర ఉంటుంది. నిజానికి ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఈ పనులేవీ మీరు చేయకపోవడమే మంచిది.

రెండోది ఉబుంటు లైవ్ పెన్ డ్రైవ్. 8 జీబీది సరిపోతుంది. స్నేహితుడి కంప్యూటర్‌లో ఉబుంటు ఫైలు దింపుకుని, రూఫస్‌తోనో ఎచర్‌తోనో పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఆ పని పెన్ డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచేస్తుంది, కాబట్టి అక్క పెళ్లి ఫొటోలున్నది వాడకండి. దీనితో కంప్యూటర్ తెరిచి ‘ట్రై ఉబుంటు’ ఎంచుకుంటే డిస్క్‌ను ముట్టకుండానే లోపలి ఫైళ్లు చూడొచ్చు, వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవచ్చు. రిపేరు కన్నా ముందు కాపీ. డిస్క్ బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంటే విండోస్ ఫైళ్లకు ఇక్కడ కూడా ఆ 48 అంకెలు కావాలి.

నేరుగా విండోస్‌లోకి వెళ్లిపోతుంటే

పవర్ బటన్ నొక్కగానే బూట్ మెనూ కీ తడుతూ ఉండండి. డెల్, లెనోవో, ఏసర్‌లలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్. వచ్చే జాబితాలో ‘విండోస్ బూట్ మేనేజర్’తో పాటు ‘ఉబుంటు’ అనే పేరుంటే దాన్ని ఎంచుకోండి. మీ పాత జాబితా మళ్లీ కనిపిస్తుంది. ఇక అదే వరుస స్థిరపడాలంటే ఉబుంటులో టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే కిటికీ) తెరిచి:

సుడో ఎఫిబూట్‌ఎంజీఆర్

అని కొట్టండి. ఈఎఫ్ఐ, బూట్, ఎంజీఆర్ మూడూ కలిపి ఒకే మాట. ప్రతి సిస్టమ్ పక్కన నాలుగంకెల నంబరు చూపిస్తుంది. ఉబుంటుది 0003, విండోస్‌ది 0000 అయితే, అదే కమాండ్ చివర ఖాళీ వదిలి -ఓ 0003,0000 అని కలపండి. బయోస్ సెట్టింగుల్లో బూట్ వరుస మార్చినా ఫలితం ఒకటే. విండోస్ పెద్ద అప్‌డేట్ తర్వాత ఈ వరుస మళ్లీ తారుమారు కావచ్చు, అప్పుడు కంగారు పడకుండా ఇదే చేయండి.

గ్రబ్ రెస్క్యూ

ఇప్పుడు ఆ అబ్బాయి ల్యాప్‌టాప్ సంగతి. ఎస్పీ రోడ్డులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత యంత్రం, పార్టిషన్ల లెక్కను పాత ఎంబీఆర్ పద్ధతిలో రాసుకున్న డిస్క్. ముందు రోజు ఏం చేశావని అడిగితే ఏమీ చేయలేదన్నాడు. అందరూ మొదట అదే అంటారు. రెండోసారి అడిగితే, విండోస్‌లో ఖాళీగా పడి ఉన్న ఎఫ్ డ్రైవ్‌ను తీసేసి ఆ జాగాను డీలో కలిపానని చెప్పాడు.

గుట్టు అక్కడే ఉంది. ఎంబీఆర్ డిస్క్‌లో లాజికల్ పార్టిషన్లకు (ఒక పెద్ద పార్టిషన్ లోపల విడగొట్టినవాటికి) 5 నుంచి నంబర్లు వస్తాయి. అతని డీ డ్రైవ్ 5, ఎఫ్ 6, ఉబుంటు 7. మధ్యలో 6 పోగానే ఉబుంటు ఒక మెట్టు దిగి తానే 6 అయింది. గ్రబ్ పుస్తకంలో మాత్రం ఇంకా 7 అనే ఉంది. అక్కడికి వెళ్లి చూస్తే ఏమీ లేదు.

మిణుకుమంటున్న గీత దగ్గర ముందుగా ఇది కొట్టండి:

ఎల్ఎస్

డిస్క్‌లు, పార్టిషన్లు బ్రాకెట్లలో వరుసగా కనిపిస్తాయి: (హెచ్‌డీ0), (హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్6), (హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్5) ఇలా. వీటిలో లినక్స్ ఏదో ఒక్కొక్కటిగా తట్టి చూడాలి:

ఎల్ఎస్ (హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్6)/

చివరి వాలుగీత మరవకండి. విండోస్ పార్టిషన్ అయితే ‘అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్’ అంటుంది. అది తిట్టు కాదు, ఆ భాష గ్రబ్‌కు ఈ స్థితిలో రాదని అర్థం. లినక్స్ ఉన్నచోట మాత్రం బూట్, హోమ్, ఈటీసీ, యూఎస్ఆర్ అనే పేర్లు బిలబిలా వచ్చేస్తాయి. మా దగ్గర 6 కొట్టగానే వచ్చాయి. హోమ్ అన్న మాట చూడగానే అబ్బాయి ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది. తర్వాత నాలుగు వరుసలు:

సెట్ ప్రిఫిక్స్=(హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్6)/బూట్/గ్రబ్
సెట్ రూట్=(హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్6)
ఇన్స్‌మాడ్ నార్మల్
నార్మల్

సమాన గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదలకూడదు. ఇన్స్‌మాడ్ అంటే ఐ, ఎన్, ఎస్, ఎం, ఓ, డీ. చివరి వరుసతో పాత ఊదారంగు జాబితా తెర మీదికి వచ్చింది. ఉబుంటు తెరుచుకుంది.

ఇక్కడితో ఆపేస్తే రేపు మళ్లీ అదే నల్ల తెర, ఎందుకంటే మనం నోటిమాటగా నంబరు చెప్పాం కానీ పుస్తకంలో దిద్దలేదు. ఉబుంటు టెర్మినల్‌లో ఈ రెండూ కొట్టండి:

సుడో గ్రబ్-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డీఏ
సుడో అప్‌డేట్-గ్రబ్

ఎస్‌డీఏ తర్వాత నంబరు పెట్టకండి, గ్రబ్ కూర్చోవాల్సింది పార్టిషన్‌లో కాదు, డిస్క్ మొదట్లో. ఇలాంటి పాత యంత్రంలో డిస్క్ ఒకటే ఉంటే పేరు సాధారణంగా ఎస్‌డీఏ అవుతుంది. అనుమానముంటే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో సరిచూసుకోండి.

కొత్త యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన బూట్ పద్ధతి) యంత్రాలలో రెస్క్యూ అనే మాట లేకుండా ఉత్త ‘గ్రబ్’ అని కనిపించడమే ఎక్కువ. పార్టిషన్ పేర్లలో ఎంఎస్‌డాస్ బదులు జీపీటీ ఉంటుంది. వెతికే పద్ధతి ఒకటే. దొరికాక ఒక్క వరుస చాలు:

కాన్ఫిగ్‌ఫైల్ (హెచ్‌డీ0,జీపీటీ5)/బూట్/గ్రబ్/గ్రబ్.సీఎఫ్‌జీ

అన్ని పార్టిషన్లూ తట్టినా లినక్స్ జాడ లేకపోతే, పొరపాటున ఆ పార్టిషన్‌నే తీసేసి ఉంటారు. అప్పుడు ఆ డిస్క్ మీద కొత్తగా ఏమీ రాయకండి. లైవ్ పెన్ డ్రైవ్‌తో తెరిచి టెస్ట్‌డిస్క్ అనే ఉచిత సాధనంతో పోయిన పార్టిషన్ కోసం వెతకొచ్చు. కొత్తగా రాయనంతవరకే ఆశ.

లోపలికి అసలు వెళ్లలేకపోతే

లైవ్ పెన్ డ్రైవ్‌తో తెరవండి. బూట్ మెనూలో పెన్ డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే, మీది కొత్త యంత్రమైతే, యూఈఎఫ్ఐ అని ఉన్నదాన్నే ఎంచుకోండి. ఇంకో పద్ధతిలో తెరిచి గ్రబ్ ఎక్కిస్తే ఆ కష్టం దండగ.

టెర్మినల్‌లో ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ కొడితే పార్టిషన్ల రకాలు తెలుస్తాయి. ఈఎక్స్‌టీ4 అన్నది లినక్స్, ఎన్‌టీఎఫ్ఎస్ అన్నది విండోస్, వీఫ్యాట్ అని ఉన్న చిన్నది వాచ్‌మన్ గది, అంటే ఈఎఫ్ఐ పార్టిషన్. విండోస్ స్వయంగా చేసుకుంటే అది చాలాసార్లు 100 ఎంబీ ఉంటుంది. మీ డిస్క్ పేరు ఎన్‌వీఎంఈ0ఎన్1, అందులో లినక్స్ 5వది, ఈఎఫ్ఐ 1వది అనుకుందాం:

సుడో మౌంట్ /డెవ్/ఎన్‌వీఎంఈ0ఎన్1పీ5 /ఎంఎన్‌టీ
సుడో మౌంట్ /డెవ్/ఎన్‌వీఎంఈ0ఎన్1పీ1 /ఎంఎన్‌టీ/బూట్/ఈఎఫ్ఐ
సుడో మౌంట్ --ఆర్‌బైండ్ /డెవ్ /ఎంఎన్‌టీ/డెవ్

ఆ చివరి వరుసనే డెవ్ స్థానంలో ప్రాక్ (పీ, ఆర్, ఓ, సీ), ఎస్‌వైఎస్, రన్ పెట్టి మరో మూడుసార్లు కొట్టండి. తర్వాత:

సుడో సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ
గ్రబ్-ఇన్‌స్టాల్
అప్‌డేట్-గ్రబ్

పాత ఎంబీఆర్ యంత్రమైతే రెండో మౌంట్ వరుస అక్కరలేదు, గ్రబ్-ఇన్‌స్టాల్ పక్కన డిస్క్ పేరు ఇవ్వాలి. తప్పులేమీ చూపకుండా ముగిస్తే ఎగ్జిట్ కొట్టి, రీస్టార్ట్ చేసి, పెన్ డ్రైవ్ తీసేయండి. ఇదంతా బటన్ నొక్కి చేసే బూట్-రిపేర్ అనే సాధనం కూడా ఉంది. చెడ్డది కాదు, కానీ ఏం చేస్తోందో తెలియకుండా బటన్ నొక్కడం నాకు నచ్చదు.

విండోస్ జాబితాలో లేకపోతే

2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి, పక్కనున్న వేరే సిస్టమ్‌ల కోసం వెతికే పనిని భద్రత దృష్ట్యా మామూలుగా ఆపి ఉంచుతున్నారు. /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్ అనే ఫైలును సుడో నానో (టెర్మినల్‌లోనే ఫైళ్లు దిద్దే సాధనం) తో తెరిచి, గ్రబ్_డిసేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్ అనే వరుస చేర్చండి. సమాన గుర్తుకు ముందున్నదంతా పెద్ద అక్షరాలు, ఫాల్స్ చిన్న అక్షరాలు. ఆ వరుస అప్పటికే ఉండి ముందు హ్యాష్ గుర్తు ఉంటే దాన్ని తీసేస్తే చాలు. తర్వాత సుడో అప్‌డేట్-గ్రబ్.

సెక్యూరిటీ పాలసీ వయొలేషన్

2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ అప్‌డేట్ తర్వాత, రెండు సిస్టమ్‌లున్న కంప్యూటర్లు కొన్ని లినక్స్‌ను తెరవనివ్వలేదు. గ్రబ్‌లో 2022లో బయటపడిన ఒక లోపం ఉన్న పాత బూట్ లోడర్లను అడ్డుకోవడం ఆ అప్‌డేట్ ఉద్దేశం. రెండు సిస్టమ్‌లున్న యంత్రాలను వదిలేయాల్సింది, కొన్నింటిని గుర్తుపట్టలేకపోయింది. ఇప్పటికీ చాలాకాలం మూలన పెట్టిన ల్యాప్‌టాప్‌లను తీసినప్పుడు ఈ వాక్యం ఎదురుకావచ్చు. బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపండి (48 అంకెల కాగితం పక్కన ఉంది కదా). ఉబుంటులోకి వెళ్లి:

సుడో ఎంఓకేయుటిల్ --సెట్-ఎస్‌బ్యాట్-పాలసీ డిలీట్

ఎస్‌బ్యాట్ అంటే ఎస్, బీ, ఏ, టీ. రీస్టార్ట్ చేసి మళ్లీ ఉబుంటులోకే ఒకసారి వెళ్లండి, అప్‌డేట్లన్నీ వేయండి. ఆ తర్వాత సెక్యూర్ బూట్ తిరిగి ఆన్ చేయండి.

తేడా విండోస్ వైపు ఉంటే

విండోస్ ఇన్‌స్టాల్ పెన్ డ్రైవ్‌తో తెరిచి, రిపేర్ ఎంపికలోకి వెళ్లి, స్టార్టప్ రిపేర్‌కు ముందు ఒక అవకాశం ఇవ్వండి. ఫలించకపోతే అక్కడి కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్క్‌పార్ట్ అనే విండోస్ సాధనంతో ఆ చిన్న ఈఎఫ్ఐ (ఫ్యాట్32) పార్టిషన్‌కు ఎస్ అనే అక్షరం ఇచ్చి, బయటికి వచ్చి:

బీసీడీబూట్ సీ:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్ఐ

ఇది విండోస్ బూట్ ఫైళ్లను కొత్తగా రాస్తుంది, లినక్స్‌ను ముట్టదు. బూట్ వరుసలో విండోస్ ముందుకు రావచ్చు, దాన్ని ఎలా దిద్దాలో పైన చూశారు. ఎవరో చెప్పారని పాత ఎంబీఆర్ యంత్రంలో బూట్‌రెక్ /ఫిక్స్‌ఎంబీఆర్ మాత్రం కొట్టకండి, గ్రబ్‌ను తుడిచి తన వాచ్‌మన్‌ను కూర్చోబెడుతుంది.

బయోస్ అప్‌డేట్ తర్వాతో, మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోయినప్పుడో సెట్టింగులు మొదటికి వచ్చేస్తాయి. ఏహెచ్‌సీఐగా ఉన్న డిస్క్ పద్ధతి రెయిడ్‌గా మారితే విండోస్ నీలం తెర వేస్తుంది. యూఈఎఫ్ఐ, లెగసీ (పాత బూట్ పద్ధతి) తారుమారైతే డిస్కే లేదంటుంది. బయోస్‌లో తేదీ ఎప్పటిదో పాత సంవత్సరం చూపిస్తుంటే ముందు బ్యాటరీని అనుమానించండి. డెస్క్‌టాప్‌లలో మామూలుగా సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది, వాచీ బ్యాటరీలు అమ్మే చోట కూడా దొరుకుతుంది. అది మార్చి, సెట్టింగులను మునుపున్నట్టు పెడితే పని అయిపోతుంది.

అన్నీ సర్దుకున్నాక విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా పడుకోదు, ఒక కన్ను తెరిచి ఉంచుతుంది. దానితో ఆ పార్టిషన్ లినక్స్‌లో చదవడానికే తప్ప రాయడానికి తెరుచుకోదు.

ఆ అబ్బాయి పని ముగిసేసరికి ఆరుంపావు. రిపోర్టు పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, నమ్మకం కుదరక విండోస్ కూడా తెరిచి చూశాడు. తెరుచుకుంది. మూలన గడియారం మాత్రం పన్నెండూ నలభై అయిదు అంటోంది.

“గడియారం కూడా పాడైందా అన్నా?”

పాడవలేదు. లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో గ్రీనిచ్ సమయం పెడుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. అందుకే సరిగ్గా అయిదున్నర గంటలు వెనక. ఉబుంటులోకి వెళ్లి ఇది కొట్టమన్నాను:

టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1

ఏడాదికి రెండుసార్లు గడియారం మార్చుకునే దేశాల్లో ఇది చిక్కులు తెస్తుంది. మనకు ఆ బాధ లేదు. మళ్లీ విండోస్ తెరిచేసరికి ఆరూ ఇరవై. అది చూడగానే ల్యాప్‌టాప్‌ను ఈసారి మూసి, చంకలో పెట్టుకుని, బ్యాగు సర్దుకోవాలంటూ మెట్లు దిగి పరుగెత్తాడు. ఛార్జర్ మా బల్ల మీదే ఉండిపోయింది.